ఆటోనగర్‌లో వేలెడంత వస్తువు

విజయవాడ వెళ్లివచ్చినవారిని ఏం చూచి వచ్చారని అడిగితే జవాబు మనకు ముందే తెలుసు. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ దర్శనం, 1957లో పూర్తయిన ప్రకాశం బరాజు మీద సాయంత్రపు కృష్ణ గాలి, అవతలి ఒడ్డున ఉండవల్లి గుహలు. చిన్నపిల్లలున్నవారైతే సంచీలో కొండపల్లి బొమ్మ ఒకటి తప్పకుండా వుంటుంది. ఇవన్నీ చూడవలసినవే, కాదనేవారెవరు? కాని మన ఇంటికి వచ్చే బియ్యం బస్తా, మామిడిపండ్ల బుట్ట, గుంటూరు మిరపకాయల మూట, పెళ్లివారి సామాను దారిలో ఆగిపోకుండా చేరుతున్నాయంటే, అందుకు కారణమైన చోటు ఒకటి ఆ వూళ్లోనే వుంది. దాన్ని చూడడానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. దాని ముందు నిలబడి ఎవరూ ఫొటో తీయించుకోరు. దాని పేరు జవహర్ ఆటోనగర్.

బెంజ్ సర్కిల్ దగ్గర రెండు పెద్ద రహదార్లు కలుస్తాయి. ఒకటి చెన్నైనుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు రోడ్డు. రెండవది పూణేనుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు. మచిలీపట్నం పోయే భాగాన్ని ఇప్పటికీ అందరూ బందరు రోడ్డనే అంటారు. ఉత్తర దేశపు సరుకు దక్షిణానికి, దక్షిణపు సరుకు ఉత్తరానికి పోవాలంటే లారీలు ఈ కూడలి చుట్టుపట్ల మసలక తప్పదు. నాలుగు దార్లు కలిసేచోట సత్రం వెలసినట్టే, లారీలు కలిసేచోట మరమ్మతు షెడ్లు వెలిశాయి. బందరు రోడ్డున పటమట దాటి ముందుకు పోతే ఆటోనగర్ గేటు వస్తుంది. అక్కడ దిగి లోపలికి నడవండి. కాస్త పాత చెప్పులు వేసుకుని రండి సుమా! నేల నిండా ఏళ్ల తరబడి ఇంకిన నూనె.

వీధుల వెంట

మొదట ఆ వూరు చెవికి తెలుస్తుంది. ఒక షెడ్డులో రేకుల మీద సుత్తి దెబ్బలు, పక్క షెడ్డులో వెల్డింగు చిటపటలు, ఆ పైన ఎక్కడో గాలి కొట్టే కంప్రెసరు రొద. కళ్లు నెమ్మదిమీద చూడడం మొదలుపెడతాయి. ఒకచోట బోడి లారీ నిలబడి వుంది: నాలుగు వైపులా ఏమీ లేదు, ఉత్త ఛాసీ, ముందొక ఇంజను. కంపెనీనుంచి అలాగే వస్తుందట. కొన్నాళ్లకు అదే బండి చెక్క తొట్టి కట్టించుకుని, రంగులు పూయించుకుని, నుదుట దేవుడి బొమ్మ, వెనకాల పిల్లల పేర్లు వ్రాయించుకుని పెళ్లికూతురల్లే గేటు దాటి పోతుంది.

ఒక్కొక్క వీధికి ఒక్కొక్క విద్య. కమాను పట్టీలు కాల్చి వంచేవారు ఒక వరుస. రేడియేటర్లు అతికేవారు ఒక వరుస. టార్పాలిను పట్టాలు కుట్టేవారు, సీట్లు కట్టేవారు, టైర్లకు కొత్త తొడుగు వేసేవారు, లేతు మిషను మీద ఇనుమును వెన్నలా చెక్కేవారు. ప్రతి షెడ్డు ముందూ ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు వుంటారు. ఒళ్లంతా గ్రీజు, చేతిలో పానా. ‘పద్నాలుగు నంబరు పానా అందుకోరా!’ అని బండి కిందనుంచి మాట వినపడుతుంది. మనిషి కనిపించడు, రెండు కాళ్లు మాత్రం కనిపిస్తాయి.

ఈ విద్య ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1951లో మైకో కంపెనీ ఆరంభమైంది. 1954లో టాటావారు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ వారితో కలసి లారీలు తయారుచేయడానికి పూనుకున్నారు. 1955లో మద్రాసులోని అశోక్ మోటార్సు అశోక్ లేలాండుగా మారింది. ఈ మూడు పేర్లూ ఆటోనగర్ మేస్త్రీలకు ఇంటిపేర్లవంటివి. ఆనాటి డీజిలు ఇంజను చాలా నమ్మకస్థురాలు. ఒకసారి తిరగడం మొదలుపెట్టిందంటే దానికి కరెంటుతో పని లేదు. బ్యాటరీ చచ్చిపోయినా నలుగురు కలసి తోస్తే పట్టుకునేది, పట్టుకున్నదంటే గమ్యం చేరేది. డీజిలును ఎప్పుడు చిమ్మాలో చెప్పేది ఇనుప పళ్లచక్రాలే. పంపు షాపులో మేస్త్రి మార్కుకు మార్కు కలిపి బిగించాడంటే అదే శాసనం.

అందుచేత మరమ్మతు కానిదంటూ ఏదీ వుండేది కాదు. క్రాంకు అరిగితే గ్రైండింగు చేయించేవారు. పంపు అలిసిపోతే విప్పి, కడిగి, కొత్త ముక్క వేసి, బల్ల మీద పెట్టి కొలిచేవారు. దొరకని భాగాన్ని లేతు మీద తయారుచేసేవారు. ‘పారేయ్’ అనే మాట ఆటోనగర్‌లో చివరి మాటగా వుండేది.

ఇనుములోనుంచి తీగలోకి

ఇప్పుడా మాట మొదటి మాట అవుతున్నదా అన్న ప్రశ్నతోనే నేను ఆ వీధుల్లో రెండు రోజులు తిరిగాను. కారణం చేతిలో ఇమిడే ఒక చిన్న వస్తువు. వేలెడంత వుంటుంది. నల్లని ప్లాస్టిక్ ఒళ్లు, ఒక కొసన తీగల ప్లగ్గు, రెండవ కొసన బుడిపె, మధ్యలో ఒక్క బోల్టు పట్టే చెవి. దీన్ని క్రాంకుషాఫ్టు పొజిషన్ సెన్సార్ అంటారు. షెడ్డులో అంత పేరు ఎవరూ పలకరు. ‘క్రాంకు సెన్సార్’ అంటే చాలు.

దీని పని ఏమిటంటారా? వాహనాల పొగ తగ్గించడానికి ప్రభుత్వం నిబంధనలు బిగిస్తూ వచ్చింది. 2017 ఏప్రిల్ 1నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 4, మధ్యలో అయిదును దాటవేసి 2020 ఏప్రిల్ 1నుంచి భారత్ స్టేజ్ 6 అమలులోకి వచ్చాయి. పాత పంపు ఈ లెక్కలకు చాలదు. కొత్త ఇంజన్లలో డీజిలును ఒక గట్టి గొట్టంలో, మన చుట్టూ వున్న గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు మించిన ఒత్తిడితో నిలవవుంచుతారు. ఏ సిలిండరులో, ఏ క్షణాన, ఎంతసేపు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు ఆజ్ఞాపిస్తుంది. ముహూర్తం తప్పితే పెళ్లి ఆగవచ్చు, ఆగకపోవచ్చు. ఇక్కడ మాత్రం ముహూర్తం తెలియకపోతే కంప్యూటరు చుక్క డీజిలు వదలదు.

ముహూర్తం తెలియాలంటే క్రాంకుషాఫ్టు తన ప్రదక్షిణంలో ఎక్కడ వున్నదో తెలియాలి. అందుకోసం దానితోబాటు తిరిగే ఒక చక్రానికి పళ్లు కోస్తారు. చాలా ఇంజన్లలో 60 పళ్లకు చోటుంటుంది, కాని కోసేవి 58 మాత్రమే. రెండు పళ్ల జాగా ఖాళీగా వదిలేస్తారు. జపమాలలో మేరుపూస వంటిదే ఈ ఖాళీ. వేళ్లు మేరుపూసకు తగలగానే ఒక ఆవృత్తి అయిందని కళ్లు మూసుకున్నవారికి తెలిసినట్టు, ఖాళీ ఎదుటికి రాగానే సెన్సారుకు ఒక చుట్టు తిరిగిందని తెలుస్తుంది. అక్కడినుంచి ఒక్కొక్క పన్నూ 6 డిగ్రీల లెక్క. ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరుగుతున్నదనుకోండి, సెన్సారు ముందునుంచి సెకనుకు 1800 పళ్ల చోట్లు దాటిపోతాయి. అన్నిటినీ అది లెక్కపెడుతూనే వుండాలి, విజయవాడనుంచి కోల్‌కతా దాకా.

ఈ సెన్సార్లలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకదానిలో అయస్కాంతం, దాని మీద వెంట్రుకవంటి రాగి తీగ చుట్ట వుంటాయి. ఇనుప పన్ను దాటినప్పుడల్లా తీగలో చిన్న కరెంటు అల పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. రెండవదానిలో చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ల వుంటుంది. అది 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికను విద్యార్థి గమనించిన ధర్మం మీద పనిచేస్తుంది. దీనికి కంప్యూటరునుంచి కరెంటు అందాలి. అందుచేత మొదటిదానికి సాధారణంగా రెండు తీగలు, రెండవదానికి మూడు.

దీనికి ఒక తోడు కూడా వుంది, క్యాం సెన్సార్. క్రాంకు రెండు చుట్లు తిరిగితేగాని ఒక సిలిండరు పని పూర్తి కాదు. అందుచేత పిస్టను పైకి వచ్చినదని క్రాంకు సెన్సార్ చెప్పినా, అది డీజిలు అందుకోవడానికి వచ్చిందో, పొగ వదలడానికి వచ్చిందో చెప్పలేదు. ఆ సంగతి క్యాం సెన్సార్ చెబుతుంది. ఇద్దరి మాటా కలిస్తేనే కంప్యూటరు నమ్ముతుంది.

ఇంతకూ చిక్కు ఏమిటంటే, ఈ వేలెడంత వస్తువును విప్పడానికి వీలులేదు. లోపల తీగా బిళ్లా అన్నీ కలిపి ప్లాస్టికులో పోతపోసి వుంటాయి. చెడితే చెడినట్టే. తీసివేసి కొత్తది పెట్టడమే గతి. విప్పి బాగుచేయడమే విద్యగా బ్రతికిన ఊరికి ఇది కొత్త పరీక్ష.

మామిడిపండ్ల వ్యాను

మామిడి రోజులు. విజయవాడ ఎండ సంగతి తెలుసు గదా. బెజవాడను ‘బ్లేజువాడ’ అని చమత్కరించడం పెద్దలకు అలవాటు. పన్నెండు గంటలవేళ ఒక చిన్న వ్యానును తాడు కట్టి లాక్కువచ్చారు. నిండా నూజివీడు పండ్లు, పైన గడ్డి. నడిపేవాడే యజమాని. ముప్పయ్యేళ్లుండవచ్చు. వ్యాను అప్పు మీద కొన్నది, ప్రతి నెలా వాయిదా కట్టాలి. హనుమాన్ జంక్షన్ దగ్గర పొద్దున్నే ఆగిపోయిందట. ఎవరో వచ్చి ‘క్రాంకు సెన్సార్ పోయింది’ అని కొత్తది తెప్పించి వేశారు. పట్టుకుంది. ఇరవై కిలోమీటర్లు రాగానే మళ్లీ ఆగింది.

షెడ్డు మేస్త్రికి అరవై దాటాయి. పాత పంపుల కాలంలో పదేళ్ల కుర్రవాడిగా ఇక్కడికి వచ్చినవాడు. ఆయన కొడుకు డిప్లొమా చదివి తండ్రి దగ్గరే వుంటున్నాడు. కుర్రవాడు స్టీరింగు కింద ప్లగ్గులో స్కానరు తగిలించి, తెర చూచి, ‘పి 0335, నాన్నా’ అన్నాడు.

‘అంటే క్రాంకు సెన్సారేగా మేస్త్రీగారూ? కొత్తదేనండీ, పొద్దున్నే వేశారు. అదీ పోయిందా?’ అన్నాడు వ్యాను యజమాని. గొంతు వణికింది. మళ్లీ ఇంకొకటి కొనమంటారేమోనని భయం.

మేస్త్రి వెంటనే జవాబు చెప్పలేదు. ఒకసారి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజను గిరగిరా తిరిగింది, పట్టుకోలేదు. ‘ముల్లు చూడు’ అన్నాడు. చుట్లు చూపించే ముల్లు సున్నా దగ్గరనుంచి కదలలేదు. ఇంజను తిరుగుతున్నా అది తిరగడం లేదనే కంప్యూటరు అనుకుంటోందన్నమాట.

అప్పుడు ఆయన నావైపు తిరిగి అన్నాడు: ‘చూడండి మాస్టారూ. మీకు ఉత్తరం అందలేదనుకోండి, పోస్టుమాన్ చచ్చిపోయాడంటారా? ఉత్తరం వ్రాయకపోయి వుండవచ్చు, దారిలో వంతెన కూలి వుండవచ్చు, మీ గుమ్మంలో పెట్టె తుప్పుపట్టి వుండవచ్చు. ఈ నంబరు చెప్పేది కబురు రావడం లేదని. అంతవరకే. పోస్టుమాన్‌ను మార్చమని అది చెప్పదు.’

కుర్రవాడు మీటరు తీసుకుని బండి కిందికి దూరాడు. ఇది రెండు తీగల జాతి. సెన్సారు ప్లగ్గు విప్పి కొలిస్తే తొమ్మిది వందల ఓమ్‌ల చిల్లర చూపించింది. తీగ చుట్ట తెగలేదన్నమాట. తరువాత కంప్యూటరు వైపు ప్లగ్గు విప్పి, మధ్యనున్న తీగలను కొలిచాడు. బాగానే వుంది. ‘తీగ కదిలించి చూడు’ అన్నాడు తండ్రి. కదిలించగానే మీటరులో అంకె మాయమైంది. మళ్లీ కదిలిస్తే వచ్చింది. చేత్తో తడుముకుంటూ పోతే ఇంజను పక్కనున్న ఒక ఇనుప పట్టీ వెనకాల దొరికింది రోగం. తీగ ఆ పట్టీకి నెలల తరబడి రాసుకుని రాసుకుని పైతొడుగు పోయి, లోపలి రాగి పోగులు రెండు మూడు మిగిలాయి. అక్కడక్కడ పచ్చని చిలుము. బండి కుదిపినప్పుడల్లా పోగులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. పొద్దున సెన్సారు మార్చేటప్పుడు తీగను కదిలించారు, అందుకే పట్టుకుంది. ఇరవై కిలోమీటర్ల కుదుపుకు మళ్లీ విడిపోయింది.

పాడైన ముక్క కత్తిరించి, కొత్త తీగ అతికి, టంకం పెట్టి, తొడుగు వేసి, ఇనుప పట్టీకి తగలకుండా పక్కనుంచి తిప్పి కట్టారు. ముప్పావుగంట పట్టింది. సెల్ఫ్ కొట్టగానే ముల్లు లేచింది, ఇంజను పట్టుకుంది.

‘పొద్దున తీసిన పాతది వుందా?’ అని అడిగాడు మేస్త్రి. అదృష్టవశాత్తు జేబులో వుంది. కుర్రవాడు కొలిచాడు. ఆ అంకెకూ కొత్తదాని అంకెకూ ఏమంత తేడా లేదు. యజమాని ఒక నిమిషం మాట్లాడలేదు. పొద్దున పోసిన డబ్బు ఒక పూట కిరాయికి మించి వుంటుంది.

‘దాచుకో బాబూ. మంచి వస్తువే. ఎప్పుడైనా నిజంగా పోతే పనికివస్తుంది’ అన్నాడు మేస్త్రి. వ్యాను కదిలింది. గడ్డి కింద పండ్లు ఇంకా బాగానే వున్నాయి కాబోలు, వీధి చివరిదాకా వాసన నిలిచింది.

నిజంగా పోయినప్పుడు

అలాగని సెన్సార్లు చెడవా? భేషుగ్గా చెడతాయి. దాని ఎత్తుగడ కూడా విచిత్రమే. పొద్దున చల్లగా వున్నప్పుడు బండి చక్కగా నడుస్తుంది. గంట రెండు గంటలు పోయి ఇంజను బాగా కాగిన తరువాత, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. డ్రైవరు దిగి టీ తాగి, అరగంట ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు పట్టుకుంటుంది. లోపలి సన్నని తీగలో ఎక్కడో చిన్న పగులుంటుంది. వేడికి సాగి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. షెడ్డుకు వచ్చేసరికి బండి చల్లబడి రోగం దాక్కుంటుంది. అనుమానం వుంటే మేస్త్రి సెన్సారు తీసి, ప్లగ్గు వైపు తడవకుండా వేణ్నీళ్లలో పట్టుకుని మీటరుతో కొలుస్తాడు. వేడెక్కగానే అంకె ఎగిరిపోతే దోషి దొరికినట్టే. ఈ పరీక్ష రెండు తీగల జాతికి మాత్రమే. మూడు తీగలదానిమీద ఓమ్‌ల మీటరు పెట్టకూడదు, లోపలి బిళ్ల దెబ్బతినవచ్చు. దానికి కరెంటు అందుతున్నదా, సంకేతం తిరిగి వస్తున్నదా అని చూడాలి.

మరొకటి. సెన్సారు కొస అయస్కాంతం గదా, ఇంజనులో అరిగిన ఇనుప రజను దానికి గడ్డంలా అంటుకుంటుంది. గడ్డం పెరిగితే పళ్లు సరిగా కనిపించవు. శుభ్రంగా తుడిచి పెడితే పాతదే మళ్లీ పనిచేస్తుంది. కాని రజను అంత ఎక్కడినుంచి వచ్చిందని ఆలోచించేవాడే మేస్త్రి. చక్రం పన్ను విరిగినా, వంగినా ఎన్ని సెన్సార్లు మార్చినా ప్రయోజనం వుండదు.

మార్చవలసి వచ్చినప్పుడు కొనడం కూడా ఒక విద్యే. విడిభాగాల దుకాణంలో అద్దాల బల్ల మీద పది రకాలు వరుసగా పెట్టి చూపించాడు ఒక దుకాణదారు. నా కంటికి అన్నీ కవల పిల్లలే. ఆయన కంటికి కావు. ఒకదాని తీగ పొట్టి, ఒకదాని బుడిపె రెండు మిల్లీమీటర్లు పొడుగు, ఒకదాని ప్లగ్గులో తీగల వరుస తారుమారు. కొసకూ పళ్లకూ మధ్య వుండవలసిన ఎడం దాదాపు ఒక మిల్లీమీటరు. బుడిపె పొడుగైతే పళ్లు రాసుకుపోతాయి. పొట్టిదైతే కబురు అందదు. తీగలు తారుమారైతే ఇంకా మాయ: బండి పట్టుకోవచ్చు, కాని లెక్క జరిగి ముహూర్తం తప్పుతుంది. అందుచేత ఆకారం చూచి కొనరాదు, పాతదాని ఒంటిమీద అచ్చు వేసిన నంబరు చూచి కొనాలి. పాతది చేతిలో పట్టుకువెళ్లడం అన్నిటికంటె ఉత్తమం.

నకిలీల బెడద వుండనే వుంది. పెట్టె అసలుదానిలాగే వుంటుంది, ధర మాత్రం సగం. లోపలి తీగ నాసి, అయస్కాంతం బలహీనం, ప్లాస్టిక్ ఇంజను వేడికి మెత్తబడే రకం. ‘సగం ధరకు కొన్నవాడు మూడోసారి వచ్చేసరికి ఒకటిన్నర ధర ఇచ్చినట్టు’ అని ఆ దుకాణదారు లెక్క వేసి చూపించాడు. రసీదు తీసుకోవడం మరచిపోవద్దన్నాడు. అమ్మేవాడే ఆ మాట చెప్పడం నాకు నచ్చింది.

బిగించడంలోనూ మర్యాద వుంది. రబ్బరు రింగుకు కాస్త శుభ్రమైన నూనె రాసి, చేతివేళ్లతో నొక్కితే దానంతట అదే కూర్చోవాలి. కూర్చోకపోతే ఎందుకు కూర్చోలేదో చూడాలి. సుత్తితో కొట్టినవాడు మళ్లీ దుకాణానికి వెళతాడు. కొన్ని బండ్లలో కొత్తది పెట్టిన తరువాత స్కానరు ద్వారా కంప్యూటరుకు పరిచయం చేయాలి కూడా.

ఎవరి పని ఎక్కడికి పోయింది?

ఆటోనగర్‌లో కొందరు పెద్ద మేస్త్రీలు దిగులు పడుతున్న మాట నిజం. ‘మా చేతికి పని లేకుండా పోయింది. విప్పుదామంటే మర లేదు, అతుకుదామంటే చోటు లేదు’ అంటారు. పంపు షాపుల్లో కొన్ని మూతపడ్డాయి. స్కానరు కొనే స్తోమతు లేని చిన్న షెడ్డు పాత బండ్లనే నమ్ముకుని వుంది. ఆ పాత బండ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఈ బాధను తేలికగా తీసివేయడానికి లేదు. ఒక్కొక్క షెడ్డు వెనకా నాలుగు కుటుంబాలు వుంటాయి.

కాని మామిడిపండ్ల వ్యాను దగ్గర నేను చూచింది మరొకటి. స్కానరు కుర్రవాడి చేతిలో వుంది, ‘తీగ కదిలించి చూడు’ అన్న మాట తండ్రి నోట్లోనుంచి వచ్చింది. తీగ ఎక్కడ రాసుకుంటుందో ఏ తెరా చెప్పలేదు. యాభై ఏళ్లు బండ్ల కింద పడుకున్న మనిషికి తెలిసింది. హనుమాన్ జంక్షన్ దగ్గర పొద్దున సెన్సారు మార్చినవాడి దగ్గర కూడా స్కానరు వుండి వుంటుంది. అతనికి లేనిది ఆ ముప్పావుగంట ఓపిక. మార్చడం అయిదు నిమిషాల పని, ఒక్క బోల్టు. మార్చాలా వద్దా అని తేల్చడమే ఇప్పటి మేస్త్రితనం. దానికి కూలి ఇవ్వడం మనం కూడా నేర్చుకోవాలి. ‘ఏమీ మార్చలేదుగా, ఇంత అడుగుతావేం?’ అని బేరమాడితే, రేపు అతను కూడా చూడకుండా మార్చడమే మేలనుకుంటాడు. ఆ నష్టం మనదే.

ఈ సంగతులన్నీ మనకెందుకని అనుకోకండి. తీర్థయాత్రకో, పెళ్లికో, ఇల్లు మారడానికో ఏడాదికి ఒకసారైనా వ్యానులో ఎక్కని కుటుంబం వుండదు. అర్ధరాత్రి రహదారి మీద ఉన్నట్టుండి బండి ఆగిపోయిందంటే మొదట చేయవలసింది మరమ్మతు కాదు. బండిని వీలైనంత పక్కకు నెట్టి, నాలుగు పక్కలా మిణుకు దీపాలు వెలిగించి, ఎర్రటి త్రికోణం చాలా వెనకగా పెట్టి, పిల్లలను పెద్దలను దించి రోడ్డుకు దూరంగా కూర్చోబెట్టాలి. చీకట్లో ఆగిన బండిని వెనకనుంచి వచ్చే లారీ చూడలేకపోవడం వల్ల పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు. ఆ తరువాత డ్రైవరును సెల్ఫ్ కొట్టమని, ముల్లు లేస్తున్నదో లేదో చూడమనండి. ఆ ఒక్క సంగతి ఫోనులో చెప్పగలిగితే వచ్చే మేస్త్రికి సగం పని తగ్గుతుంది. ఎవరైనా వచ్చి వేలెడంత వస్తువు ఒకటి తీసి కొత్తది పెట్టబోతే, ‘తీగ చూచారా బాబూ?’ అని మెల్లగా అడగండి. పాతదాన్ని మాత్రం జాగ్రత్తగా అడిగి పుచ్చుకోండి.

ఈసారి విజయవాడ వెళితే దుర్గమ్మను దర్శించుకున్న తరువాత ఒక గంట మిగిల్చుకుని బందరు రోడ్డు బస్సెక్కండి. ఆటోనగర్ గేటు దగ్గర దిగి, ఏ షెడ్డు ముందైనా పక్కగా నిలబడండి. బండి కిందనుంచి రెండు కాళ్లు కనిపిస్తాయి. కాసేపు ఆగితే మనిషి కూడా కనిపిస్తాడు.